అద్దె మేనమామ

మా నాయనమ్మ పదకొండు మందిని కన్నది, ఏడుగురు బతికారు. మా అమ్మ ఐదుగురిని కన్నది, ఐదుగురమూ బతికాం. నాకు ఒక్కతే కూతురు. నా కూతురికీ ఒక్కతే కూతురు, ఆపైన దుకాణం కట్టేశానని అది ఇంటిల్లిపాదికీ చెప్పేసింది. టీవీలో కోటు వేసుకున్న పెద్దమనిషి ఎవరో జననాల రేటు పడిపోతోందని గీత గీసి చూపిస్తూ బెంగపడుతుంటే మా ఆవిడ చానల్ మార్చేస్తుంది. మా ఇంటి సంగతి చెప్పడానికి ఆయనెందుకు, అన్నం గిన్నె చాలు. అమ్మ అన్నం వండిన గిన్నెలో ఇప్పుడు నేను కూర్చుని స్నానం చెయ్యొచ్చు.

తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఇనుము కరిగించే పనిలో చేరాడు. నాన్నా ఆ కొలిమి దగ్గరే చేశాడు, తర్వాత నేనూ. రెండు గదుల క్వార్టరులో ఏడుగురం ఉండేవాళ్ళం. ఊరి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన చుట్టం ఎవడో ఒకడు ఎప్పుడూ అదనంగా ఉండేవాడు. అలాంటి కొంపలో మా అమ్మానాన్నా అంతమందిని ఎప్పుడు, ఎలా కన్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అడిగే ధైర్యం లేక ఆ రహస్యం వాళ్ళతోనే పోయింది. పేర్లు పెట్టారు గాని వాటితో పిలిచే తీరిక ఎవరికీ ఉండేది కాదు. పెద్ది, నడిపిది, సిన్ని, గుంటడు, బుడ్డి. ఆ గుంటణ్ణి నేను. ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టిన మగనలుసుని కదా, ఎంత ముద్దుగా పెంచి ఉంటారో అని మీరు అనుకోవచ్చు. నేను బడికి వెళ్ళకుండా వారం రోజులు మేడమీద గాలిపటాలు ఎగరేస్తే ఇంట్లో ఒక్కరూ కనిపెట్టలేదు.

ఆదివారం గుడ్లు ఉడకబెట్టేవారు. ఒక్కో గుడ్డునీ అమ్మ దారంతో రెండుగా కోసి మనిషికో ముక్క పెట్టేది. మా పెద్దప్ప (మావైపు అక్కని అప్ప అంటాం) ఆ దారం ఎటు పోతోందో కన్నార్పకుండా చూసేది. పచ్చసొన తన ముక్కలో ఎప్పుడూ తక్కువే వచ్చేదని ఆవిడ ఈనాటికీ వాదిస్తుంది. పెళ్ళై కొడుకు పుట్టగానే, "మా వోడు సగం గుడ్డు తినడు, ఆడికి పూర్తి గుడ్డే" అని చెప్పి ఆసుపత్రికెళ్ళి ఆపరేషన్ చేయించుకుని వచ్చేసింది. అమ్మ గుండెలు బాదుకుంది. అప్పట్లో గోడల మీద ఎర్ర త్రికోణం వేసి ఇద్దరు చాలని రాసేవారు. మా పెద్దప్ప సర్కారు అడిగినదాని కన్నా ఒకటి తగ్గించి చూపించింది. ఆవిడని చూసే మిగతావాళ్ళం నేర్చుకున్నాం. మిగిలిన అప్పలు, చెల్లెలు ఇద్దరేసి దగ్గర ఆగారు. నేను ఒక్కదానితో సరిపెట్టాను. సరిపెట్టాను అని నేనంటే మా ఆవిడ ఒప్పుకోదు. కన్నది తను, నేను ఆసుపత్రి బయట టీ తాగానంతే అంటుంది.

ఐదుగురిలో నేనొక్కణ్ణే మగాణ్ణి కావడంతో నాకు మీసాలు రాకముందే ఒక ఉద్యోగం వచ్చింది. పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, చెవులు కుట్టించాలన్నా బిడ్డని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా. అప్పల పిల్లలు, చెల్లెలి పిల్లలు అందరూ నా ఒళ్ళోనే గుండు చేయించుకున్నారు. చూసేవాళ్ళకి ఇది కూర్చునే పని. చేసేవాళ్ళకి తెలుస్తుంది దీని సంగతి. బార్బరు కత్తి పైకి తీయగానే బిడ్డ నా పంచె తడిపేస్తుంది. తర్వాత తల అటూ ఇటూ తిప్పుతుంది. తెగితే బార్బరుని ఎవరూ అనరు, "మేనమామవి, గట్టిగా పట్టుకోలేవా?" అని నన్నే అంటారు.

నా సొంత మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ అయిపోయాక ఈ పనికి రిటైర్మెంటు ఇచ్చేశాననుకున్నాను. కానీ ఈలోగా మా ఊళ్ళో మేనమామల సరుకు అయిపోయింది. భాలుబాసాలో మా వీధిలోనే చూడండి. తెలుగు ఇళ్ళల్లో ఎక్కువమందికి ఒక్కొక్కరే పిల్లలు. ఆ ఒక్కరూ ఆడపిల్లయితే దానికి అన్నా ఉండడు, తమ్ముడూ ఉండడు. దానికి బిడ్డ పుడితే మేనమామ ఆకాశం నుంచి ఊడిపడాలి. ఒక ఆదివారం మా తెలుగువాళ్ళ గుడిలో ప్రసాదం పులిహోర తింటూ నిలబడ్డాను. పక్కవీధి అమ్మాయి బిడ్డకి పుట్టువెంట్రుకలు తీయించబోతున్నారు. పంతులుగారు "మేనమామ ఎక్కడ?" అన్నారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి నన్ను అన్నయ్యా అంటుంది. వీధిలో వయసు మళ్ళినవాణ్ణి ఏదో ఒకటి అనాలి గనక అంటుంది. అది గుర్తొచ్చి వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, సెయ్యి కడుక్కుని ఓపాలి కూకో."

కూర్చున్నాను. అక్కడితో నా పని అయిపోయింది. కబురు సాక్చి దాటింది, సువర్ణరేఖ వంతెన దాటి మాంగో చేరింది. ఎవరికి మేనమామ తక్కువైనా నాకు ఫోన్ వచ్చేది. మేనమామ పెట్టాల్సిన కొత్తబట్టలు వాళ్ళే కొని, ముందురోజు మా ఇంటికి పంపి, మర్నాడు నా చేత మళ్ళీ వాళ్ళకే పెట్టించేవారు. ఒకసారి సంచులు మారిపోయి ఒక మగపిల్లాడికి పట్టు పరికిణీ పెట్టి వచ్చాను. మేనమామ పెట్టింది కాదనకూడదని వాడికి అది తొడిగి ఫోటో కూడా తీశారు. పెళ్ళిళ్ళకి కూడా పిలవడం మొదలుపెట్టారు గాని, బుట్టలో కూర్చున్న పెళ్ళికూతురిని ఎత్తడం నా నడుముకి పడలేదు. ఈ కాలపు పెళ్ళికూతుళ్ళు అందరూ పూర్తి గుడ్డు తిని పెరిగినవాళ్ళు. మా ఆవిడ నాకు అద్దె మేనమామ అని బిరుదిచ్చింది.

ఊరందరికీ మేనమామనయ్యాను సరే, నా సొంత మనవరాలికి కాలేను కదా. దానికి నేను తాతని. మా అమ్మాయికి అన్నదమ్ముల వరసయ్యేవాడు ఎవడైనా ఉన్నాడా అని మా ఆవిడా నేనూ ఒక సాయంత్రమంతా కూర్చుని వెతికాం. నా అప్పల కొడుకులు, చెల్లెలి కొడుకు అందరూ దానికి బావలు. బావ వరసవాడి ఒళ్ళో కూర్చోబెడితే బిడ్డకి తండ్రి వరస అవుతుంది, వీధంతా నవ్వుతుంది. నాకు అన్నదమ్ములు లేరు. పెదనాన్నల, చిన్నాన్నల వైపువాళ్ళతో రాకపోకలు ఎప్పుడో తెగిపోయాయి. మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు, విజయనగరంలో ఉంటుంది, ఆవిడకీ ఒక్కతే కూతురు. తెలుగులో చుట్టరికాలకి ఇన్ని మాటలున్నాయి గాని, మా మనవరాలికి వాటిలో అమ్మ, నాన్న, తాత, మామ్మ తప్ప ఏదీ పనికిరాదు. అల్లుడూ ఒక్కడే గనక సొంత బాబాయి లేడు, మేనత్త లేదు, సొంత పిన్ని లేదు. మిగతా ప్రపంచమంతా దానికి అంకుల్, ఆంటీ.

"అద్దెకి ఎవడినైనా తెద్దామా?" అన్నాను.

"ఊరందరికీ నువ్వెల్లి కూకున్నావు. మనకున్నది ఒక్క మనవరాలు. దానికీ అద్దె మనిసేనా?" అని మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇక నేను ఆ మాట ఎత్తలేదు.

అలా మొదటి ఏడు దాటిపోయింది. రెండో ఏడు సరిసంఖ్య, పనికిరాదు. మూడో ఏడూ సగం గడిచింది. పుట్టువెంట్రుకలకి కత్తెర పెట్టకూడదని, దాని జుట్టు కళ్ళ మీదా, ముక్కు మీదా, అన్నంలోనూ పడుతూ ఉండేది. పగలు పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో టీచరు రోజుకో రంగు క్లిప్పులు పెట్టి పంపేది. అది తల గీరుకుంటూ, గీరుకుంటూనే నిద్రపోయేది.

అసలు పోరు పెద్దప్పది. ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. మా అమ్మాయి కూడా మాంగోలోని ఫ్లాటు నుంచి పిల్లని తీసుకుని ఆదివారమే వస్తుంది. ఆ జుట్టు చూడగానే పెద్దప్ప మొదలుపెట్టేది.

"నీకో తమ్ముడుంటే ఈ గోల వచ్చునా? మీ అయ్య కననేదు. నువ్వయినా ఇంకో గుంటణ్ణి కను. రేపు దీని పిల్లలకి మేనమావ కావాల గదా."

పుట్టబోయేవాళ్ళకి పుట్టబోయేవాళ్ళ గుండు కోసం ఇప్పుడే మనిషిని తయారు చేయమనే ముందుచూపు నేను మా కర్మాగారం ఇంజనీర్లలో కూడా చూడలేదు. "మొదలెట్టింది నువ్వే కదప్పా, ఒక్కడితో ఆపేసింది నువ్వే కదా" అని ఒకసారి అన్నాను.

"నానప్పుడు గుడ్డు గురించి ఆలోసించినాను. మేనమావ గురించి ఆలోసించినేదు" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

మా అమ్మాయి గమ్హరియాలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. పొద్దున్నే వంటచేసి, పిల్లని క్రెష్‌లో దింపి, బస్సెక్కి పోతుంది. చాలాకాలం నవ్వుతూనే జవాబు చెప్పేది. "అత్తా, బస్, ఏక్ హీ కాఫీ హై" అనేది, ఒక్కతే చాలని. మేం తెలుగులో అడిగినదానికి హిందీలో చెప్పడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒక ఆదివారం మాత్రం నవ్వలేదు. పెద్దప్ప వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఏడుస్తూ తెలుగులోనే మాట్లాడింది.

"నాన్నా, ఒకదాన్ని క్రెష్‌లో వదిలి వస్తుంటేనే దాని ఏడుపు సాయంత్రం దాకా నా చెవుల్లో ఉంటోంది. నాకు ఇంకొకరు వద్దు. నాకు చేతకాదు. పిల్లని ఎవరో ఒకరి ఒళ్ళో పెట్టి ఆ జుట్టు తీయించెయ్యి. అది కనబడుతున్నంత కాలం అత్త నన్ను వదలదు. ఇలాగే ఉంటే నేను ఆదివారాలు రావడం మానేస్తాను."

నాకు అప్ప మీద ఒళ్ళు మండిపోయింది. కూతురు రాని ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకుంటే భయం కూడా వేసింది. ఉన్నది ఒక్కతి. అది రాకపోతే మా ఇంటికి వచ్చేది పాలవాడు మాత్రమే.

పెద్దప్ప పోరు వెనక ఇంకో కథ ఉంది, అది కూడా చెప్పాలి. పూర్తి గుడ్డు తిని పెరిగిన ఆవిడ కొడుకుకి నలభై దగ్గర పడుతోంది. గమ్హరియాలోనే కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతాడు. పెళ్ళి కాలేదు. మా అమ్మాయి పుట్టిననాడు పెద్దప్ప ఆసుపత్రికి వచ్చి, నాకన్నా ముందు దాన్ని ఎత్తుకుని, "నా కోడలు పుట్టినాది" అంది. మేనరికం మా ఇళ్ళల్లో మామూలే. కానీ మా ఊరి వీధి మాట హిందీ. ఆ మాటలో మేనత్త కొడుకు, పెద్దమ్మ కొడుకు అనే తేడాలేవీ లేవు, అందరూ భయ్యాలే. మా అమ్మాయి మాటలు వచ్చిననాటి నుంచీ వాణ్ణి భయ్యా అనే పిలిచింది. "భయ్యా ఏటే, బావ అను" అని పెద్దప్ప జడ పట్టుకుని గుంజినా మారలేదు. వాడు దాన్ని సైకిలు మీద బడికి దింపేవాడు, పరీక్షలప్పుడు దానికి టీ పెట్టేవాడు. మేనరికం గురించి వినగానే మా పక్కింటి బీహారు ఆవిడ "రామ్ రామ్" అని చెవులు మూసుకుంది. పెళ్ళి మాట వచ్చిననాడు మా అమ్మాయి "భయ్యాతోనా?" అని పడీపడీ నవ్వింది. వాడూ నవ్వాడు. పెద్దప్ప నవ్వలేదు. చాలాకాలం మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ తర్వాత ఆవిడ వాడి కోసం తిరగని ఊరు లేదు. శ్రీకాకుళం వైపు కూడా ఇంటికి ఒక్క ఆడపిల్ల. ఆ ఒక్కత్తీ చదువుకుంది. ఆ ఒక్కత్తినీ జంషెడ్‌పూర్ దాకా, అందులోనూ కాంట్రాక్టు ఉద్యోగికి, ఎవరిస్తారు? పూర్వం అయితే కుండమార్పిడి అని, మీ పిల్లని మాకివ్వండి, మా పిల్లని మీకిస్తాం అని బేరం పెట్టేవారు. మార్చుకోవడానికి వీడికి చెల్లెలు ఉంటే కదా. సంబంధం తప్పిపోయిన ప్రతిసారీ ఆవిడ తిన్నగా మా ఇంటికి వచ్చి మా అమ్మాయిని రెండో బిడ్డని కనమనేది. ఇది నాకు అప్పట్లో తట్టలేదు.

మా అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసి, "ఆదివారం గుడికి రండి. మేనమామని నేను చూసుకున్నాను, నువ్వు పంతులుగారితో మాట్లాడు" అంది. ఫ్యాక్టరీలో ఎవరో సహోద్యోగి అయి ఉంటాడని నేను అనుకున్నాను. ఎవడైతేనేం, అద్దె మనిషే అని మా ఆవిడ మూతి ముడుచుకుంది గాని, పట్టుచీర కట్టుకుంది.

ఆదివారం పొద్దున్న పెద్దప్ప కొడుకుని వెంటబెట్టుకుని, స్టీలు డబ్బాలో సున్నుండలు పట్టుకుని గుడికి వచ్చింది. బార్బరు కత్తికి కొత్త బ్లేడు వేస్తున్నాడు. మా అల్లుడు పిల్లకి ఫోనులో ఏనుగుల వీడియో చూపిస్తున్నాడు. పంతులుగారు "మేనమామ వచ్చి పీట మీద కూర్చోవాలి" అన్నారు.

పెద్దప్ప కొడుకు లేచాడు. సంచిలోంచి చిన్న పట్టు పరికిణీ తీసి పళ్ళెంలో పెట్టాడు. పీట మీద మఠం వేసుకుని కూర్చుని, పిల్ల కోసం చేతులు చాపాడు.

"ఒరే, లెగు" అంది పెద్దప్ప. "నువ్వు పిల్లకి మావేటిరా? దాని అమ్మకి బావ వరసోడివి."

"అమ్మా, సిన్నప్పట్నుంచి దాన్ని బడికి దింపింది నాను. దాని పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఏడ్సింది నాను. ఏ బావయినా అలాగ ఏడుత్తాడేటి?"

"ఇక్కడ కూకుంటే ఇంక నువ్వు దానికి అన్నవే. ఆ వరస మల్లీ మారదు. తెలుసా?"

"తెలుసమ్మా. తెలిసే వచ్చినాను."

పంతులుగారికి ఏం చేయాలో తోచక నా వైపు తిరిగారు. "తమరే చెప్పాలి. ఈ విషయంలో తమకున్న అనుభవం నాకు లేదు" అన్నారు. నా అనుభవంలోనూ ఇలాంటిది లేదు. శాస్త్రం ప్రకారం తప్పు, వరస ప్రకారం అంతకన్నా తప్పు. నేను మా అమ్మాయి మొహం చూశాను. అది ఏడుపు ఆపుకుంటోంది. "కానివ్వండి" అన్నాను. పెద్దప్ప డబ్బా పట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడింది.

మూడేళ్ళ జుట్టు పాయలు పాయలుగా రాలింది. వాడు క్రేన్ పట్టే ఆ మోటు చేతిని పిల్ల గడ్డం కింద పెట్టి, తల కదలకుండా, నొప్పి కలగకుండా పట్టుకున్నాడు. పిల్ల ఏనుగుల్ని మర్చిపోయి వాడి మొహంలోకే చూస్తూ కూర్చుంది, ఒక్కసారీ ఏడవలేదు. అంత బాగా నేను ఏనాడూ పట్టుకోలేదని ఒప్పుకోవాలి. గంధం పూయడం అయిపోయింది. పంతులుగారు స్నానానికి తీసుకెళ్ళమన్నారు. మా అమ్మాయి చేతులు చాపింది.

వాడు పిల్లని ఇవ్వలేదు. గంధం పూసిన ఆ గుండు మీద అరచెయ్యి పెట్టి, అలాగే కూర్చున్నాడు.

"లేవరా, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అన్నాను, ఆరితేరినవాణ్ణి కాబట్టి.

"ఉండు మావా" అన్నాడు, తలెత్తకుండా.

నేను ఎందరు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నానో నాకే లెక్క లేదు. ప్రతిసారీ ఎప్పుడు దింపేద్దామా అనే చూశాను. వీడి ఒళ్ళో ఇన్నేళ్ళకి ఒక బిడ్డని పెట్టారు. సొంత బిడ్డ వచ్చి కూర్చునే దారి ఇక లేదని వాడికి తెలుసు, నాకూ తెలుసు. పెద్దప్ప వైపు చూడాలంటే భయమేసింది గాని చూశాను. ఆవిడ కొడుకునే చూస్తోంది.

డబ్బా కింద పెట్టి నెమ్మదిగా వచ్చింది. వంగి, పిల్ల మెడ మీద అంటుకున్న వెంట్రుకల్ని పమిట చెంగుతో తుడిచింది. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగింది.

"రెండోది వద్దులే అమ్మా. ఈ గుంటనే అప్పుడప్పుడు మా వోడి కాడికి అంపు."